రౌషన్ కత్తిరించిన మౌనం

ఏ వస్తువైనా సరే, లోపల ఏముందో చూడనిదే రౌషన్‌కి తోచదు. తొమ్మిదేళ్లప్పుడు నాన్న రేడియోని మొత్తం ఊడదీసింది. తిరిగి బిగించాక రెండు మరలు మిగిలిపోయాయి, రేడియో మాత్రం నిక్షేపంగా మోగింది. తిట్లు పడతాయని బిక్కుబిక్కుమంటూ నిలబడితే, నాన్న ఆ రెండు మరలూ జేబులో వేసుకుని, "ఎందుకో ఒకందుకు పెట్టుంటారులే తల్లీ, దాచిపెడతాను" అన్నాడు. ఇప్పుడామెకి యాభై ఒకటి. ఆ గుణం ఏమాత్రం పోలేదు.

షిమ్‌కెంట్ నగరంలో రొట్టెల భట్టీకి పైనున్న గదిలో ఆమె, సపార్ కలిసి పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తారు. షూటింగ్ సపార్‌ది, ఎడిటింగ్ ఇద్దరిదీ. ఒకరు సగం చేసి లేస్తే ఇంకొకరు కూర్చుని పూర్తి చేస్తారు. ఇరవై రెండేళ్లుగా సాగుతున్న ఈ పొత్తులో ఎడిటింగ్ ప్రోగ్రామ్ మార్చాలంటే ఇద్దరూ మారాలి, లేదా ఇద్దరూ మానుకోవాలి. అక్కడే పేచీ వచ్చింది. పాత ప్రోగ్రామ్ కంపెనీవాళ్లు ఏడాదేడాదికీ చందా పెంచుతున్నారు, మన గోడు మాత్రం పట్టించుకోరు. ఈ నెలాఖరుతో గడువు అయిపోతుంది. వేరే కంపెనీ ప్రోగ్రామ్ ఒకటి చవగ్గా వచ్చింది, పని కూడా చాలా వేగమట. అయితే పాతదాంట్లో దాచుకున్న పనులేవీ కొత్తదాంట్లో తెరుచుకోవు. గడువు దాటిందంటే అందులో చేసిన పద్నాలుగేళ్ల పెళ్లిళ్లకి తాళం పడ్డట్టే.

"నేను ససేమిరా మారను. నా వేళ్లకి ఆ మీటలు అలవాటు. నిద్దట్లో లేపినా కోసేస్తాను" అన్నాడు సపార్.

"నిద్దట్లో కోస్తున్నట్టే ఉంటుంది నీ పని. ఒక్క పెళ్లి కొత్తదాంట్లో చేసి చూస్తానన్నా! నచ్చకపోతే తీసి అవతల పారేద్దాం."

"నీకు నచ్చకపోవడం కూడానా! సూపు కొత్త గిన్నెలో పోసిచ్చినా లొట్టలేస్తావు నువ్వు."

ఆ ఒక్క పెళ్లీ కుల్యాష్ కొడుకుది. కుల్యాష్ ఊళ్లో పేరున్న దర్జీ, రౌషన్‌కి పాత స్నేహితురాలు. మూడు వందల మంది వచ్చిన పెళ్లి విందు, తోయ్ అది. విందుకి వచ్చిన చుట్టాల్ని బల్లల వారీగా పిలుస్తారు, ఒక్కొక్కరూ మైకు అందుకుని కొత్త జంటకి నాలుగు మంచి మాటలు చెబుతారు. మైకు పట్టుకున్న ప్రతి మనిషీ వీడియోలో ఉండి తీరాలి. అందులోనూ ఆడపెళ్లివారిని వదిలేశామంటే ఇంకేమన్నా ఉందా! మూడు తరాలు చెప్పుకుంటారు. అందుకే రౌషన్ ఎప్పుడూ, వేడుక నడిపించే ఆయన దగ్గర పిలుపుల కాగితం అడిగి తెచ్చుకుని, ఒక్కో పేరుకీ పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ కూర్చునేది. రౌషన్ వీడియోలో ఎవరూ తప్పిపోరని ఊళ్లో పేరు.

కొత్త ప్రోగ్రామ్ ఆమెని మాయ చేసేసింది. ఎవరు ఎక్కడ మాట్లాడారో అదే విని, అదే జాబితా రాసి పెట్టింది. దగ్గులూ, తడబాట్లూ, మైకు సరిగ్గా ఉందో లేదో చూసుకునే టక్‌టక్‌లూ అన్నీ ఏరి పారేసింది. మూడు రోజుల పని మధ్యాహ్నం టీ వేళకి అయిపోయింది. "సపారన్నా, ఇటు చూడు, ఇటు చూడు!" అంటూ పిల్లలా చేతులు చరిచింది. సపార్ రొట్టె ముక్క టీలో ముంచుకుంటూ, చూడనట్టే చూశాడు. రౌషన్ ప్రోగ్రామ్ రాసిన జాబితాతో వీడియోని సరిచూసుకుంది. అంతా ఉన్నారు. పిలుపుల కాగితం సంచిలోంచి బయటికే రాలేదు. గురువారం కుల్యాష్ చేతికి వీడియో ఇచ్చేసింది.

శనివారం పొద్దున్నే కుల్యాష్ మెట్లెక్కి వచ్చింది. కేకలేస్తే బాగుండేది. కేకలేయలేదు, కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంది.

"రౌషన్, మా వియ్యపురాలి తల్లి ఏదే?"

"ఎవరు? బాతిమా అమ్మమ్మా?"

"తొంభై ఒక్కేళ్ల మనిషి. ఆరు గంటలు బస్సులో కూర్చుని వచ్చింది. రేపు మధ్యాహ్నం వాళ్లంతా మా ఇంటికి భోజనానికొస్తున్నారు, అందరం కలిసి వీడియో చూడాలని. నేను విందుకని ఎండు గుర్రం మాంసం కూడా నానబెట్టేశాను. రాత్రి చూసుకుంటే ముసలావిడ ఎక్కడా లేదు. కోడలి మొహం నేనెలా చూడను?"

రౌషన్ సంచిలోంచి కాగితం లాగి చూసింది. పదిహేడో పిలుపు, బాతిమా. పెన్సిల్ గుర్తు లేదు.

ఏమీ కోయని అసలు ఫుటేజ్ మొదటినుంచీ తిప్పారు. ఆవిడ కనిపించింది. తెల్లటి తలగుడ్డ కట్టుకుని, మనవరాలి ఎదురుగా మైకు రెండు చేతులా పట్టుకుని నిలబడింది. నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్లీ తెరిచింది. హాలంతా లేచి నిలబడింది. ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నలభై మూడు సెకన్లు అలా నిలబడి, మనవరాలి చెంప తడిమి, మైకు తిరిగి ఇచ్చేసింది. ఆవిడ ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు కాబట్టి జాబితాలోకి ఎక్కలేదు. మౌనాలు తీసెయ్యమని సెట్టింగుల్లో ఒక గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది. ప్రోగ్రామ్ దాని పని అది చక్కగా చేసింది.

ఆ ముక్కని దాని చోట తిరిగి అతికించడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. కుల్యాష్ కళ్లు తుడుచుకుని, ఇచ్చిన టీ తాగి వెళ్లింది.

సపార్ ఆమె మెట్లు దిగగానే మొదలుపెట్టాడు.

"చెప్పానా? యంత్రానికేం తెలుస్తుందమ్మా! మన పాతదాంట్లో ఇన్నేళ్లలో ఇలా జరిగిందా ఒక్కసారైనా?"

తప్పు తనది. ఒప్పుకుని ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ ప్రశ్న రౌషన్‌ని పట్టుకుంది. నిజంగా జరగలేదా?

"చూద్దాం" అంది.

"ఏం చూస్తావు?"

ఆమె పాత ప్రోగ్రామ్ తెరిచింది. అందులో అన్నిటికన్నా అడుగున ఉన్నది, మొట్టమొదట చేసినది, చెల్లెలు అక్మరాల్‌ని అత్తారింటికి సాగనంపిన వేడుక. ఆ వీడియో ఇంట్లో ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. అందులో నాన్న మైకు అందుకుని, "సుఖంగా ఉండు తల్లీ, నీ గడప చల్లగా ఉండాలి" అని గబగబా దీవించేసి తప్పుకుంటాడు. నాన్న ఎప్పుడూ అంతే, పొడి మనిషి, అని అక్మరాల్ నవ్వుతూనే అనేది. నాన్న పోయి ఆరేళ్లయింది.

ఆ దీవెనకి ముందు ఒక కోత గీత ఉంది. రౌషన్ కోసిందే. గీతని పట్టుకుని వెనక్కి లాగింది. పందొమ్మిది సెకన్లు బయటికొచ్చాయి.

నాన్న మైకు పట్టుకుని నిలబడ్డాడు. పెళ్లికూతురి పొడుగు టోపీలో అక్మరాల్ తల వంచుకుని ఉంది. ఆయన కోటు పై గుండీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకోబోయాడు. గుండీ చేతికి దొరకలేదు. తలుపు బయట ఆగి ఉన్న కారు వైపు ఒకసారి చూశాడు. అప్పుడు గొంతు సవరించుకుని, గబగబా దీవించాడు.

పనికిరాని చోటని కోసేసింది తను. అప్పుడు ఎవరూ గడిలో టిక్కు పెట్టి ఇవ్వలేదు. రౌషన్ ఆ పందొమ్మిది సెకన్లూ నాలుగుసార్లు చూసింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. సపార్ టీ గ్లాసు కింద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

అక్కణ్ణుంచే, "అయితే పాతదే ఉంచుదామా?" అన్నాడు.

"వద్దు, కొత్తదే తీసుకుందాం. ఆ టిక్కు తీసేస్తే అది మళ్లీ ఇలా చెయ్యదు. నా చేతికి అలాంటి గడి లేదుగా అన్నా, తీసెయ్యడానికి! నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. తాళం పడేలోగా ఒక్కోటీ తెరిచి చూస్తాను. ఎవరి నోరు పెగలని చోట ఎంత కోశానో, వాళ్ల ఇళ్లకి పంపించేస్తాను."

"తొమ్మిది రోజుల్లో పద్నాలుగేళ్లా? పిచ్చా నీకు?" అని, కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు సపార్. "నేను కోసినవి కూడా తియ్యి. మా పెద్దబ్బాయి పెళ్లితో మొదలుపెట్టు."

ఆదివారం సాయంత్రం కుల్యాష్ ఫోన్ చేసింది. వియ్యాలవారు అంతా చూశారు. ముసలావిడ ముక్క రాగానే గదిలో ఒక్కరూ కదల్లేదట. చెవులు సరిగ్గా వినపడని బాతిమా మాత్రం తెరకేసి తృప్తిగా చూసుకుని, "ఎంత బాగా మాట్లాడానే!" అందట.

రౌషన్ పడీపడీ నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే ఇంకో ఫోన్ మోగింది. పొద్దున తను అక్మరాల్‌కి ఆ పందొమ్మిది సెకన్లూ పంపింది.

"అక్కా" అంది అక్మరాల్. ఆ తరవాత మాట లేదు.

రౌషన్ కూడా ఏమీ అనలేదు. కింద భట్టీలోంచి రొట్టెల వాసన పైకి వస్తోంది. లైను కట్ అవలేదు, అటునుంచి చెల్లెలి ఊపిరి వినిపిస్తూనే ఉంది.