అయిపోయిందని రోజూ చెప్పిన బాబాయి

“నిజంగానే పోయార్రా” అంది పిన్ని ఫోన్‌లో.

గురువారం పొద్దున్న. ఆసుపత్రి నుంచి స్నానానికని ఇంటికొచ్చాను, తలుపు తాళం కూడా ఇంకా తీయలేదు. బాబాయి పోయాడన్న సంగతి బుర్రకెక్కడానికి చాలాసేపు పట్టింది గానీ, ఆ ‘నిజంగానే’ అన్న మాట మాత్రం వెంటనే గుచ్చుకుంది. ఇక అంతా అయిపోయిందని ఆయన మాకు కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాడు. ఒక్కసారి కూడా మేం నమ్మలేదు. నమ్మకపోవడం మా ఇంట్లో అలవాటైపోయింది.

బాబాయి అంటే మా అమ్మ చెల్లెలి భర్త. అమెరికాలో, ప్లేనో అనే ఊళ్ళో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవాడు. నేను ఎమ్మెస్‌కని ఈ దేశం వచ్చినరోజు ఎయిర్‌పోర్ట్‌కి వచ్చి నన్ను ఎక్కించుకున్నది ఆయనే. కారెక్కగానే రేడియోలో ఎవరో పెద్దాయన గొంతు పూడుకుపోతూ ఏదో చెబుతున్నాడు. ఆ యాస ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఏడుపని మాత్రం తెలిసింది.

“ఎవరు పోయారు బాబాయ్?” అన్నాను భయంగా.

“ఎవరూ పోలేదురా. మనవాళ్ళు ఓడిపోయారు.”

“ఇండియానా?”

“ఇండియా ఏవిట్రా! మన ఊరి బేస్‌బాల్ టీమ్. నిన్న ఐదు పరుగులు ముందుండి ఓడిపోయారు. ఇక ఈ ఏడాదికి అయిపోయింది.”

దేశంలో అడుగుపెట్టి గంట కాలేదు. నాకో టీమునీ, దాని ఓటమినీ అప్పుడే అంటగట్టేశాడు.

సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ రేడియోలో వచ్చే ఆ స్పోర్ట్స్ షోలని ఇక్కడ కార్లు నడిపే మీలో చాలామంది వినే ఉంటారు. జనం ఫోన్ చేసి టీమ్ గురించి మాట్లాడతారు. మాట్లాడతారనడం మర్యాదకి. శోకాలు పెడతారు. ఓడిపోతే సరే, గెలిచినా శోకాలే. బంతి విసిరే పిచ్చర్‌కి ఎలాగూ భుజం పట్టేస్తుంది, కోచ్‌కి ఎలాగూ బుర్ర లేదు, ఓనర్ ఎలాగూ ఉన్న ఒక్క మంచి ఆటగాణ్ణీ వదిలేసుకుంటాడు. మార్చి చివర మొదలై సెప్టెంబర్ దాకా సాగే నూట అరవై రెండు ఆటల సీజన్‌ని మూడో ఆటకే పూడ్చిపెట్టేస్తారు. వాళ్ళందరిలోకీ పేరుమోసినవాడు మా బాబాయి. అక్కడ ఫోనెత్తే అమ్మాయికి ఆయన పేరు నోరు తిరగలేదట. “మా చర్చి పిల్లలంతా నన్ను అంకుల్ అంటారమ్మా, నువ్వూ అలాగే రాసుకో” అన్నాడట. అప్పటినుంచి ఆ రేడియోలో ఆయన ‘అంకుల్ ఫ్రమ్ ప్లేనో’.

“ఆరు పరుగులు ముందున్నాం కదా బాబాయ్” అంటే, “అదేరా నా భయం” అనేవాడు. “ఆశ పెట్టుకోవడం తప్పు కాదు. ఎనిమిదో ఇన్నింగ్స్ దాటాక పెట్టుకోవాలి” అనేవాడు. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో అదెంత ఆశో మీరే చూసుకోండి.

లైన్ దొరికేదాకా అరగంటైనా సరే, ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని కూర్చునేవాడు. అందులో కారు ఇన్సూరెన్స్ ప్రకటనలు మోగుతుంటే ఎడంచేత్తో ఫోన్ పట్టుకుని కుడిచేత్తో గోంగూర పప్పు కలుపుకునేవాడు. “ముందు తినండి, తర్వాత ఏడుద్దురుగాని” అనేది పిన్ని. తీరా ఆయనకి లైన్ దొరికితే తనే టీవీ కట్టేసి, మా పిల్లల్ని నోరు మూసుకోమని గదిమేది. బాబాయి గొంతు సవరించుకుని, సెలవు చీటీ చదువుతున్నంత మర్యాదగా మొదలుపెట్టేవాడు. “గుడ్ ఈవెనింగ్ సర్. విత్ గ్రేట్ సారో ఐ ఇన్ఫామ్ యూ, దిస్ సీజన్ ఈజ్ ఓవర్.” షో నడిపే హోస్ట్ పడీపడీ నవ్వి, “అంకుల్, ఇట్స్ ఓన్లీ ఏప్రిల్!” అనేవాడు.

ఆ మాట మా ఇంట్లో ఊతపదమైపోయింది. పాలు విరిగిపోయాయని పిన్ని అన్నా, వీసా స్టాంపింగ్ ఆలస్యమవుతోందని నేనన్నా, ఎవరో ఒకరు “ఇంకా ఏప్రిలే” అనేవాళ్ళం. బాబాయి ఏ నెలలో ఏ గోడు వెళ్ళబోసుకున్నా అదే జవాబు. ఆయనా నవ్వేసేవాడు పాపం.

ఇదే మనిషి ఆదివారం మా తెలుగు చర్చిలో ప్రార్థనకి లేచి నిలబడితే చూడాలి. ఉద్యోగం పోయినవాడికి ఉద్యోగం వస్తుందని, పిల్లల్లేనివాళ్ళకి పిల్లలు పుడతారని ఎంత ధీమాగా చెప్పేవాడో! ఓసారి ఉండబట్టలేక అడిగాను. “అక్కడ అంత నమ్మకమేంటి, ఇక్కడ ఈ ఏడుపేంటి బాబాయ్?”

“దేవుడి సంగతి వేరురా. ఆయనకి బుల్‌పెన్ లేదు” అన్నాడు. ఆట చివర్లో దింపే పిచ్చర్ల గుంపుని బుల్‌పెన్ అంటారు. మా టీమ్ గెలవాల్సిన ఆటలన్నీ తగలేసేది వాళ్ళే.

నవ్వుకున్నాం. తర్వాత తనే చెప్పాడు. ఆయన కొత్తగా వచ్చినప్పుడు పిన్నికి వీసా రాక ఏడాదిన్నర ఒంటరిగా ఉన్నాడు. “బెంగగా ఉందని ఎవడితో చెప్పను? ఇక్కడ హౌ ఆర్ యూ అంటే గుడ్ అనాలి కదా. ఓరోజు కారులో ఎవడో ‘ఇక నావల్ల కాదు’ అని రేడియోలో గట్టిగా ఏడ్చేశాడ్రా. అబ్బ, ఎంత హాయిగా ఉందో! ఈ ఊళ్ళో మనుషులున్నార్రా అనిపించింది. ఆ ఆటేంటో కూడా అప్పటికి నాకు తెలీదు.”

ఆయన ఉద్యోగం పోయిన ఏడాది మాతో ఒక్క మాట అనలేదు. అడిగితే “ఏదో ఒకటి దొరుకుద్దిలే” అనేవాడు. రేడియోకి మాత్రం రోజూ ఫోన్ చేశాడు, ఎవడో ఫీల్డర్ బంతి వదిలేశాడని. ఆయన ఏ బాధని ఎక్కడ దించుకుంటాడో మా అందరిలోకీ నాకే బాగా తెలుసు. తెలిసుండి నేను చేసిన పని ఇప్పుడు చెబుతాను.

మొన్న ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం. చర్చిలో భోజనాలయ్యాక ఇద్దరం మడతకుర్చీలు మేడమీదికి చేరుస్తున్నాం. నేను ముందు, ఆయన వెనక. నాలుగు మెట్లెక్కి ఆగిపోయాడు.

“ఒరేయ్, ఈమధ్య ఒంట్లో బాగుండట్లేదురా. మెట్లెక్కితే ఇక్కడ బిగబట్టేస్తోంది. నా పని అయిపోయినట్టే ఉంది.”

‘ఇక్కడ’ అంటూ ఎక్కడ చెయ్యి పెట్టాడో నేను చూడలేదు. వెనక్కి తిరగలేదు. రెండు చేతుల్లో నాలుగు కుర్చీలున్నాయి.

“ఇంకా ఏప్రిలే బాబాయ్” అన్నాను.

నవ్వాడు. ఆ నవ్వు విన్నాను కాబట్టి అంతా బానే ఉందనుకున్నాను. కుర్చీలు పెట్టి దిగొచ్చేసరికి పిల్లలకి చాక్లెట్లు పంచుతున్నాడు. ఇక ఆ సంగతే మర్చిపోయాను.

పిన్నికీ చెప్పాడట. “మీకు రోజూ ఏదో ఒకటి అయిపోతూనే ఉంటుంది కదా” అందట తను. ఆ వారంలోనే రేడియోకీ ఫోన్ చేశాడు. ఆఫీసు నుంచి వస్తూ కారులో విన్నాను. ఒక్క వాక్యం చెప్పడానికి రెండుసార్లు ఆగాడు. “అంకుల్, మన టీమ్ మీకు ఊపిరాడనివ్వట్లేదా?” అని హోస్ట్ ఎకసెక్కమాడాడు. సిగ్నల్ దగ్గర ఒక్కణ్ణే కూర్చుని పగలబడి నవ్వాను. ఈ ముక్క దాచుకుంటే ఇక ఆయన గురించి మీకేం రాసినా దండగే.

మే మొదటివారంలో, మంగళవారం పొద్దున్న గ్యారేజ్‌లో కూలబడ్డాడు. నేను ఆసుపత్రికి పరిగెత్తేసరికి ఒళ్ళంతా వైర్లున్నాయి. నన్ను చూసి చెయ్యి కొంచెం ఎత్తాడు.

“ఏం ఫర్లేదురా. తగ్గిపోతుంది. నువ్వు ఆఫీస్‌కి వెళ్ళు.”

తన గురించి గానీ, తన టీమ్ గురించి గానీ తగ్గిపోతుందని, బాగుపడుతుందని అంత మెత్తగా అనడం నేనెన్నడూ వినలేదు. “అలా అనకు బాబాయ్, అయిపోయిందను” అని బతిమాలాలనిపించింది. పిచ్చి ఆలోచనే. కానీ ఆయన అయిపోయిందన్నన్నాళ్ళూ ఏమీ అవలేదు కదా!

ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేదన్నాడు డాక్టర్. మామూలుగానే అన్నాడు, ఎవర్నీ తప్పుపట్టలేదు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. నన్నెవరూ రక్తం ఇమ్మనలేదు, మందులు తెమ్మనలేదు. సంతకాలు పిన్నే పెట్టింది. ఆ రెండు రోజుల్లో పిన్నికి మంచినీళ్ళ సీసాలు తెచ్చివ్వడం ఒక్కటే నేను చేసిన పని. అవి కూడా తను తాగలేదు.

శనివారం భూస్థాపన చేశాం. ఆయన జీవితంలో ఏనాడూ నిరాశపడలేదని పాస్టరుగారు చెప్పారు. చర్చి అంతా తలలూపింది. నేనూ పిన్నీ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

మరుసటివారం, పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చడానికి చర్చిలో పెట్టే ఆదరణ కూడిక అయ్యాక పిన్నిని ఆయన కారులోనే ఇంటికి తీసుకొస్తున్నాను. స్టార్ట్ చేయగానే అదే స్టేషన్ పలికింది. కట్టెయ్యబోతే “ఉండనీరా” అంది. టీమ్ ఆ వారమంతా గెలుస్తూనే ఉంది. అయినా ఎవరో పెద్దాయన శోకం పెడుతున్నాడు. ఇక తనవల్ల కాదట, వీళ్ళు తనని చంపేస్తున్నారట. మాటకీ మాటకీ మధ్య ఎగశ్వాస. హోస్ట్ నవ్వుతున్నాడు.

ఇండియన్ గ్రోసరీ ముందు కారు ఆపి ఆ నంబర్ కొట్టాను. మా ఇంట్లో అందరికీ నోటికొచ్చిన నంబరే. ఫోనెత్తిన అమ్మాయి, దేని గురించి మాట్లాడతారని అడిగింది.

“ఇప్పుడు మాట్లాడిన ఆయనకి ఛాతీలో నొప్పేమైనా ఉందేమో కనుక్కోండి. ప్లీజ్. ఎవరికైనా చూపించుకోమని చెప్పండి” అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో.

“ఆయనకేం కాదు సర్. ఆయన రోజూ అలాగే మాట్లాడతారు” అంది ఆ అమ్మాయి, నాకు ధైర్యం చెబుతున్నట్టు. థాంక్యూ చెప్పి పెట్టేసింది.

“ఏవందిరా?” అంది పిన్ని.

“రోజూ అలాగే మాట్లాడతాడట.”

పిన్ని చెయ్యి చాపి రేడియో సౌండ్ పెంచింది. తర్వాతి మనిషి లైన్‌లోకి వచ్చి ఏదో మొదలుపెట్టాడు. ఆయనేం చెప్పాడో మా ఇద్దరికీ తెలీదు. ఆయన ఊపిరి తీసుకుంటున్న చప్పుడు వింటూ కూర్చున్నాం.