గుడ్డ కుక్కిన గంట

మొన్న పాత ట్రంకుపెట్టె తెరిస్తే మేకల వాసన వచ్చింది. కొండాపురం దగ్గరి మా కాలనీలో ఇప్పుడు మేకలున్న ఇల్లు లేదు, సిమెంటు వాకిళ్లలో గూటం పాతే చోటూ లేదు, అయినా ఆముదం, వేపాకు, చెమట కలిసిన ఆ ఘాటు వాసన యాభై ఏళ్లుగా పెట్టె అడుగున అట్లాగే ఉంది. చీరల కింద మా జేజి కంచుగంట దొరికింది. నా మనవరాలు దాన్ని ఊపి, మోగలేదేమని నా ముఖం చూసింది. గంట నాలుక చుట్టూ గట్టిపడిన నీలంగుడ్డ కుక్కి ఉంది.

జేజి అంటే మా నాయనను కన్నతల్లి. ఆమెకు నలభై మేకలుండేవి. తొలకరి పడితే మా పాత ఊరి వెనక గుట్ట పచ్చబడేది, కలివిపండ్లు నల్లబడి నోరూరించేవి, బడి లేని రోజుల్లో రాగిసంగటి ముద్దా చెనిక్కాయల ఊరిమిండి పచ్చడీ మూటగట్టుకొని నేను జేజి వెంట పోయేదాన్ని. ముందు నడిచే పోతు మెడలో, జమ్మలమడుగు సంతలో కొన్న ఈ గంట. మేకపోతు గాంభీర్యం అని వెక్కిరిస్తారు గానీ, మా పోతుది నిజమైన గాంభీర్యమే. గుట్ట మొదట్లో సున్నం కొట్టిన హద్దురాళ్లు వరసగా ఉండేవి. అక్కడికి రాగానే జేజి రొంటిన దోపుకున్న పేలిక తీసి గంటలో కుక్కేది, దిగి వచ్చాక తీసేది. గుడి ముందు చెప్పులు విడిచినంత అలవాటుగా చేసేది ఆ పని.

ఎందుకో ఆమె ఒక్కసారిగా చెప్పలేదు. మధ్యాహ్నాలు బండనీడన కూర్చొని, ముల్లు తీసుకుంటూనో ఆకు నములుతూనో, కొంచెం కొంచెంగా చెప్పింది. ఆమె చిన్నప్పుడు గుట్టకు హద్దులే లేవట. ఒక ఏడు తెల్లదొరల మనుషులొచ్చి, ఇక ఇది సర్కారు అడవి అని రాళ్లు పాతారు. పాతితే పాతారులే అనుకుంది ఊరు. మరుసటేడు మేపుకు పుల్లరి అన్నారు, కట్టారు. తర్వాత ఎండుపుల్ల ఏరితే తప్పన్నారు, విస్తరాకు కోస్తే తప్పన్నారు, చివరికి మేక కాలు పెడితేనే తప్పన్నారు. దొరికిన మందను బందెలదొడ్డిలో తోసేవారు. కాపలావాడే ఉగాదికొక పిల్లను, దసరాకొక పిల్లను పట్టుకుపోతుంటే, కంచే చేను మేస్తుంటే, చెప్పుకునేది ఎవరికి? రాసిన అర్జీలు దొర బల్ల దాకా పోయాయో లేదో దేవుడికెరుక. కాపలావాడి చెవిన పడకుండా గంటల్లో గుడ్డలు కుక్కడం అప్పుడు మొదలైంది.

"కోపం ఒక్కపొద్దులో రాల్యా మే," అనేది జేజి. "గంగాళంలో నీళ్లు కాగినట్ల, శానాసేపు సప్పుడే ల్యా."

ఒక కరువేడు వాళ్ల మంద మొత్తం దొడ్డిలో పడింది. ఇంటి దగ్గర మిగిలిన పాలపిల్లను చంకనేసుకొని జేజి వాళ్లమ్మ పోయి దొడ్డి వాకిట కూర్చుంది. కంచెకు ఆవల తల్లిమేక అరుస్తూనే ఉంది. అపరాధం కట్టేదాకా పాలు తాపేది లేదన్నారు. మూడో పొద్దుకు పిల్ల ఆమె ఒళ్లోనే చచ్చిపోయింది. ఆమె ఏడవలేదట. ఇంటింటికీ తిరిగి ప్రతి గంటలోని గుడ్డా పెరికి వీధిలో పారేసింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. తెల్లారి ఊరి మందలన్నీ, వాటి వెనక ఆడా మగా, గంటలన్నీ మోగుతుండగా హద్దురాళ్లు దాటాయి. తర్వాత పోలీసులొచ్చారు, జేజి నాయన జైలుకు పోయాడు. అయినా ఆ ఏడు చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ గంటలో గుడ్డ కనబడలేదట. ఆ వెనక జెండాలొచ్చాయి, ఊరేగింపులొచ్చాయి, ఎప్పటికో దొరలు పోయారు.

"తెల్లోల్లు పోయినారు గదా జేజీ, ఇంకా గుడ్డ ఎందుకు కుక్కుతాండావు?" అని ఒకరోజు అడిగాను.

"వాళ్లు పోయినారు. రాళ్లు ఆడనే ఉండాయి గదమ్మే."

నాకది పిరికితనమనిపించింది. పదేళ్ల పిల్లకు అంత కథ చెప్పి, తలవంచుకొని నడవమంటే ఎట్లా? మర్నాడు ఆమె కళ్లు తప్పించి గుడ్డ లాగి లోయలో పారేశాను. పోతు రాళ్లు దాటింది, గంట గుట్టంతా వినబడింది, జేజి దాన్ని మళ్లించడానికి వెనకే పరుగెత్తింది.

గంట విని వచ్చిన అడవి గార్డు సింహాద్రిపురం వైపు మనిషి, మేకలు కాచిన ఇంటి బిడ్డే.

"యాడికి తోలకపోతాండావు అవ్వా?"

"పిల్లతల్లులుండాయి నాయనా, ఇడిసిపెట్టు."

"నేనేం జేసేది? పాత చట్టమే నడుస్తాంది," అన్నాడు, ఆమె ముఖం చూడకుండా. మందను వదిలి పోతును మాత్రం తాడేసి పట్టుకుపోయాడు. గంట జేజి విప్పుకుంది. విడిపించే స్తోమత మాకు లేదు, పోతు వేలంలో పోయింది.

జేజి నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ప్రొద్దుటూరులో నాయన కొనిచ్చిన నా నీలం బడిలంగా అంచు చించి, గంటలో కుక్కి, ఇంకో మేకకు కట్టింది. ఆ తర్వాత ఇంటి దగ్గర కూడా దాన్ని తీయలేదు.

"మీయమ్మ పెరికింది గదా జేజీ," అన్నాను ఏడుస్తూ.

"ఆ పొద్దు ఊరంతా పెరికినారు మే. నువ్వు ఒగదానివే పెరికినావు."

జేజి పోయింది. పాత ఊరు జలాశయం కింద ఉంది, సగం గుట్ట కూడా, కలివిచెట్లూ హద్దురాళ్లూ అన్నీ. ఊరు ఖాళీ చేసేటప్పుడు పరిహారం కాగితాల మీద సంతకాలకు అధికారులు ఇంటికొకరిని విడివిడిగా పిలిచారు. నా వంతు రాగానే లోపలికి పోయి సంతకం పెట్టి, బయట నిలబడిన వాళ్లతో ఒక్క మాట అనకుండా వచ్చేశాను. అందరం అట్లాగే వచ్చాం. అది నన్ను ఇప్పటికీ తింటోంది.

"ఈ గుడ్డ పెరికేదా అవ్వా?" అంది మనవరాలు.

"పెరుకుదువులే," అన్నాను. "ముందు పోయి వీధిలో పిల్లోల్లందర్నీ పిలుచుకోని రా."