పదహారు అక్షరాల నింద

ఢిల్లీలోని ఓఖ్లాలో మా చిన్న కంపెనీ తూకం యంత్రాలకు బ్లూటూత్ అమర్చేది. యంత్రం మీద పెట్టిన సరుకు బరువు తీగ లేకుండానే క్యాబిన్‌లోని కంప్యూటర్‌కు చేరాలి. ఆ కనెక్షన్ ఎప్పుడు కలపాలి, తెగితే ఏం చెయ్యాలి, తెర మీద ఏం చూపించాలి అన్నది యంత్రం లోపలి ప్రోగ్రామ్ చూసుకుంటుంది. అది రాయడం నా పని.

మా సీనియర్ గుంటూరాయన. ఎర్రర్ కోడ్లన్నీ ఎక్కాల్లా వల్లెవేసేవారు. "నంబరు చాలమ్మా, మళ్ళీ కబుర్లెందుకు?" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ఫ్యాక్టరీలో తూచే మనిషి ఆ నంబరును ఏం చేసుకుంటుంది? పట్టుబట్టి నంబర్లన్నీ తీసేసి, వాటి చోట ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ మాటలు పెట్టాను. తెర మీద వరుసకు పట్టేది పదహారు అక్షరాలే. బేర్ సరాయ్‌లో నా అద్దె గదిలో గళ్ళ నోట్‌బుక్ ముందేసుకుని మాటలు కత్తిరించేదాన్ని. ఒక మాట సరిగ్గా కుదిరిన రోజు మెస్సు రాజ్మా కూడా రుచిగా ఉండేది.

చిప్‌లో మెమరీ మాత్రం చాల్లేదు. కనెక్షన్‌ను ఎవరో కావాలని తెంపితే, ఎటువైపు నుంచి, ఎందుకు అన్నదాన్ని బట్టి నాలుగు కోడ్లున్నాయి. ఆఫీసు బల్ల మీద పరీక్షించేటప్పుడు మేం ఎప్పుడూ యంత్రం మీది ఎర్ర బటన్ నొక్కే తెంపేవాళ్ళం. అందుకని నాలుగింటికీ కలిపి ఒకే మాట పెట్టేశాను. "ఆపరేటర్ నే తోడా." ఆపరేటరే తెంపారని. ఇంగ్లీషులో ఖాళీలతో కలిపి సరిగ్గా పదహారు అక్షరాలు. ఎంత మురిసిపోయానో.

ఆ చలికాలం ఫరీదాబాద్‌లోని ఒక నట్లూ బోల్టుల ఫ్యాక్టరీ నుంచి సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. మీ యంత్రం భలే పనిచేస్తోంది మేడమ్, దొంగను పట్టించింది అన్నాడు. భోజనాలయ్యాక తూచే ఆవిడ కనెక్షన్ తెంపేసి కూర్చుంటోందట. నేను కాదని ఆవిడ అంటే, తెర మీద రాసి ఉంది కదా అని నోరు మూయించారట. శనివారంతో మానిపించేస్తామన్నాడు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, మొదట నేను పొంగిపోయాను. నా మాటలు వాళ్ళకు అర్థమయ్యాయి మరి. సీనియర్‌కు చెబితే ఆయన అడిగింది ఒక్కటే, నాలుగింట్లో ఏ కోడ్ అని. నంబరు ఉంచి ఉంటే ఫోన్‌లోనే తేలిపోయేది.

బుధవారం బదర్‌పుర్ మీదుగా బస్సులో వెళ్ళాను. ఒకటే పొగమంచు. రోజంతా కనెక్షన్ ఒక్కసారీ తెగలేదు. గురువారమూ మంచే, గురువారమూ తెగలేదు. మీరు పక్కనుంటే ఎందుకు తెంపుతుంది మేడమ్ అని సూపర్‌వైజర్ నవ్వాడు. అతనికి అది మరో సాక్ష్యం.

తూచే ఆవిడకు నలభై ఏళ్ళుంటాయి. నేను దీదీ అని పిలిచేదాన్ని. భర్త పోయాక కూతురిని చదివించుకుంటోంది ఈ పని మీదే. వేళ్ళు తనకే తెలియకుండా ఎర్ర బటన్‌కు తగులుతున్నాయేమో అని తన చేతులు తనే తిప్పి చూసుకుంది.

"మషీన్ లిఖ్ రహీ హై, తో సచ్ హీ హోగా, మేడమ్," అంది.

యంత్రం రాస్తోందంటే నిజమే అయ్యుంటుందని.

శుక్రవారం ఎండ కాసింది. ఢిల్లీ చలిలో మధ్యాహ్నపు ఎండను ఎవరూ వదులుకోరు. భోజనాలవగానే అందరూ ఆవరణలోకి వెళ్ళారు, క్యాబిన్ గుమాస్తా తన కుర్చీతో సహా వెళ్ళి వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాడు. కనెక్షన్ తెగితే మళ్ళీ తన మీదికే వస్తుందని దీదీ మాత్రం యంత్రం వదిలి కదల్లేదు. మంచు రోజుల్లో గుమాస్తా కుర్చీలోంచి లేవలేదన్నది అప్పుడు తట్టింది నాకు. ఆమె పక్కనే కూర్చుని తెరనే చూస్తున్నాను. ఇరవై నిమిషాలు గడిచాయో లేదో, ఆమె రెండు చేతులూ ఒళ్ళోనే ఉండగా, తెర మీద ఆ పదహారు అక్షరాలూ పడ్డాయి. క్యాబిన్‌లోకి పరుగెత్తాను. కంప్యూటర్ నల్లగా నిద్రపోతోంది. ఎవరూ ముట్టుకోకపోతే అది పడుకుంటుంది, పడుకునే ముందు కనెక్షన్‌ను తనే తెంపేస్తుంది. అది నేను కలిపేసిన నాలుగింట్లో ఒకటి.

సూపర్‌వైజర్‌ను లోపలికి పిలిచి ఆమె ఎదుటే చెప్పాను. ఆమె ఏమీ చెయ్యలేదు, ఆ మాట యంత్రం కనిపెట్టింది కాదు, నేను రాసింది, తప్పు రాశాను అన్నాను. అతను సరే, శనివారం మాట మర్చిపోమని ఆమెతో అని వెళ్ళిపోయాడు. క్షమించమని మాత్రం అనలేదు. నేను అన్నాను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె నా వైపు తిరిగి అడిగింది.

"ఔర్ క్యా క్యా లిఖా హై ఆప్‌నే?"

ఇంకా ఏమేం రాశారని.

సోమవారం నోట్‌బుక్ పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. చిప్‌లో అక్కర్లేనివి కొన్ని తీసేసి చోటు చేసి, కనెక్షన్ తెగినా బరువులు దాచుకుని, కంప్యూటర్ లేవగానే తనే కలుపుకుని పంపేలా యంత్రాన్ని మార్చాను. దాంతో దీదీ కూడా ఎండలోకి రాగలిగింది. ఇటుకల మీద కూర్చుని రాసిన మాటలన్నీ ఒక్కొక్కటే చదివి వినిపించాను. ఒకటి కసిరినట్టుందంది, మార్చాను. ఇంకొకటి అర్థం కాలేదంది, అదీ మార్చాను. "క్యాబిన్ పీసీ సో గయా" దగ్గర ఆగి మళ్ళీ చదవమంది. క్యాబిన్ పీసీ పడుకుంది. అదీ పదహారక్షరాలే. కింది వరుసలో నంబరు కూడా ఉంచాను, గుంటూరాయన కోసం. ఆమె నవ్వి, గుప్పెడు వేరుశనక్కాయలు నా నోట్‌బుక్ మీద పోసి, తర్వాతది చదవమంది.