మోత మాన్పిన మొనగాణ్ణి

ఆ రోజుల్లో మా బెల్లంపల్లిలో అన్నీ దొరికేవి, నిశ్శబ్దం ఒక్కటి తప్ప. తెల్లారకముందే షిఫ్టు కూత, ఆ కూత వెనకే బొగ్గు బండ్ల దడదడ, గనిలోకి గాలి తోలే పంకా రొద, నల్లా దగ్గర బిందెల పంచాయితీ. నాలుగు భాషల వాళ్లు ఒకే గోడకు అటూ ఇటూ కాపురముండే క్వార్టర్లు కాబట్టి తిట్లు కూడా నాలుగు భాషల్లో వినిపించేవి. అలాంటి ఊళ్లో పుట్టి పెరిగి, చప్పుడు లేకుండా చేయడమే నా జన్మకు పరమార్థమని ఒక వారం పాటు నమ్మానంటే, ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది. (ఇరవై ఏళ్ల వయసులో మనిషికి తెలియనిది ఏదీ ఉండదు. తర్వాతే ఒక్కొక్కటిగా తెలియకుండా పోతుంది.)

అప్పటికి నేను కరీంనగర్‌లో ఒక దూరపు చుట్టం నడిపే రేడియో దుకాణంలో ఏడాదిపాటు వేళ్లు కాల్చుకుని పని నేర్చుకుని, కంపెనీ కరెంటు సెక్షన్‌లో హెల్పరుగా చేరి రెండు నెలలైంది. చొక్కా జేబులో పెన్నుకు బదులు స్క్రూడ్రైవరు పెట్టుకుని తిరిగేవాణ్ణి. మా బాపు గనిలో పని చేసేవాడు. తన దోస్తులకు నన్ను చూపించి, "మావోడు రేడియో కడుపు కోసి మల్ల కుట్టగలడు" అని చెప్పుకునేవాడు. నేను వినిపించుకోనట్టు నటిస్తూ పూర్తిగా వినేవాణ్ణి.

కార్మికుల క్లబ్బులో ఒక మైకు సెట్టు ఉండేది. ఇనుప పెట్టెలో ఎర్రగా వెలిగే వాల్వుల యాంప్లిఫయరు, దానికి మూతబడిన ఒక టూరింగ్ టాకీసు నుంచి తెచ్చిన రెండు పెద్ద బూరలు. ఆ బూరలు మహా సున్నితమైనవి. గోరంత ఇస్తే కొండంత చేసి చెప్పేవి, అచ్చం మా మేనత్త లాగా. మనిషి మాటను ఎంత గట్టిగా వినిపించేవో, పెట్టెలో ఉన్న లోపాన్నీ అంత గట్టిగానే ఊరంతా చాటేవి. స్విచ్చి వేయగానే అడుగున గుంయ్‌మని ఒక మోత, దాని మీద కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు సుయ్‌మని ఒక రొద. ఇంకొకరైతే చెవులు మూసుకునేవారు గానీ, గని పంకా కింద పుట్టిన మా వాళ్లకు అదొక లెక్క కాదు.

లెక్క అయింది ఒక్క సెక్రటరీ సాబ్‌కే. ఏటా వసంత పంచమికి ముందు గనుల భజన మండళ్లకు మా క్లబ్బులో పోటీ జరిగేది. గెలిచిన మండలిని కంపెనీ లారీలో బాసర తీసుకుపోయి, పండుగ నాడు సరస్వతీ అమ్మవారి ముందు పాడించేవారు. క్లబ్బు సెక్రటరీగా ఆ పోటీ బరువంతా ఆయన మీదే. ఒకరోజు నన్ను పిలిపించి, "అరె, గీ మోత బందైతదా కాదా సాఫ్‌గ చెప్పు. పోయినసారి పెద్ద దొర తలకాయ నొస్తున్నదని నడిమిట్లనే లేచిపోయిండు. ఫైసలా చెప్పేటోడే పోతే పోటీ ఎట్ల?" అన్నాడు. పెద్ద దొర అంటే మా గనుల మేనేజరు.

"వారం రోజులియ్యండి సాబ్. సూది కిందపడ్డా ఇనబడేటట్టు చేస్త" అన్నాను.

ఈ మాట అన్నప్పుడు పక్కనే లాంపు తాత ఉన్నాడు. గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి కాబట్టి ఆ పేరు. దీపం ఇచ్చేటప్పుడు తీసుకునే ఇత్తడి బిళ్లల మీది అంకెలు తప్ప అక్షరం ముక్క రాదు. కానీ మా గని మండలికి పాట ఎత్తుకునేది ఆయనే, మా బాపు తాళాలు వేసేది ఆయన పక్కనే. "సదువు రానోన్ని, సదువులమ్మ ముంగట ఒక్కపారి పాడి సావాలె" అని ఆయన ఎన్నిసార్లు అనేవాడో లెక్క లేదు. దొర లేచిపోయిన ఏటికి ముందటి ఏడు రెండో స్థానం వచ్చింది. ఈ ఏడు గొంతులో వణుకు మొదలైంది. మళ్లీ ఏడాది దాకా ఆ గొంతు నిలవదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. ఇదిగాక మండలి హార్మోనియం తిత్తిని వానాకాలంలో ఎలుకలు కొరికేశాయి. కొత్త తిత్తి వేసే మనిషి దొరక్క, దానికి బొట్టు పెట్టి, గుడ్డ కప్పి, పెద్దల ఫోటో లాగా ముందు పెట్టుకుని ప్రతి శనివారం క్లబ్బు మైకులో పాడుతున్నారు.

తాత నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "మొత్తం తీసేస్తవా బిడ్డా? జర ఉంచరాదు? పానమున్న పెట్టె, జరంత మూలుగుతది."

"గది రోగం తాతా. రోగాన్ని జర ఉంచుతరా ఎవరన్న?" అన్నాను, పెద్ద డాక్టరులా. ఆయన ఇంకేదో చెప్పబోయి నా జేబులో స్క్రూడ్రైవరు వైపు చూసి ఊరుకున్నాడు.

ఇక మొదలైంది నా వైద్యం. ముందుగా ఎర్తింగు. క్లబ్బు వెనక నడుములోతు గుంత తవ్వి, ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా పోసి, నడుమ ఇనుప గొట్టం దించాలని దుకాణంలో నేర్చుకున్నాను. బొగ్గుకు మా ఊళ్లో కరువా? ఇంట్లో పొయ్యికి వాడే గని బొగ్గు రెండు తట్టలు మోసుకొచ్చి పోశాను. మోత కొంచెం పెరిగినట్టే అనిపించింది. దారిన పోతున్న మా ఫోర్‌మన్ సాబ్ గుంతలోకి తొంగి చూసి, "భూమి లోపల కెల్లి మేం తీస్తుంటే నువ్వు మల్ల లోపల పెడుతున్నవా?" అన్నాడు. ఎర్తింగుకు కావలసింది కట్టెలు కాల్చిన బొగ్గట, గనిలోది పనికిరాదట. కరీంనగర్‌లో బొగ్గంటే కట్టెబొగ్గే కాబట్టి ఎవరూ చెప్పనవసరం లేని సంగతి అది. బొగ్గు మీద పుట్టి బొగ్గు మీద పెరిగినవాడే చేయగల తప్పు. ఆ గుంతను మళ్లీ తవ్వుతుంటే చుట్టూ చేరిన జనాన్ని చూసి, క్లబ్బు వెనక కొత్త గని పడిందని పుకారు పుట్టింది.

అయితే ఆ దెబ్బతో నాకు పట్టుదల పెరిగింది. వాల్వులను వేడిచేసే తీగలు పెట్టెలో ఎటుబడితే అటు పడి ఉన్నాయి. వాటిని మా అవ్వ జడ అల్లినట్టు బిగుతుగా మెలిపెట్టి, పాటను మోసే తీగలకు దూరంగా మూలకు జరిపాను. ఎండిపోయిన పెద్ద కండెన్సరును పీకి, కరీంనగర్ బస్సు కండక్టరు చేతికి చీటీ ఇచ్చి కొత్తది తెప్పించాను. అన్నిటికన్నా ఎక్కువ గుంయ్‌మనే ట్రాన్స్‌ఫార్మరును పెట్టెలోంచే వెళ్లగొట్టి, మూర దూరంలో ఒక చెక్కపెట్టెలో కాపురం పెట్టించాను. సుయ్‌మనే రొద మొదటి వాల్వుది. దాన్ని మార్చాను. బూరలు అంత సున్నితమైనవి అయినప్పుడు వాటికి అంత బలం ఎందుకని దారిలో ఒక రెసిస్టెన్సు అడ్డం పెట్టాను. శుక్రవారం మధ్యాహ్నం స్విచ్చి వేస్తే, బూరల్లోంచి ఏమీ రాలేదు. పాడైపోయిందేమో అనుకున్నాను. మైకు దగ్గర చిటికె వేస్తే క్లబ్బు ముందు మైదానమంతా చిటికె వినిపించింది. తర్వాత గోడ గడియారం టిక్కుటిక్కు, దాని వెనక బల్లి కూడా. నేను ఆ క్లబ్బులో ఒక్కణ్ణే నిలబడి గంతులు వేశాను, ఆ గంతులూ వినిపించాయి.

శనివారం సాయంత్రం పోటీ. మిగతా మండళ్లు వాళ్ల హార్మోనియాలతో పాడి దిగాయి. పెద్ద దొర ముందు వరుసలో హాయిగా కూర్చున్నాడు, సెక్రటరీ సాబ్ నా వీపు రెండుసార్లు తట్టాడు. చివరికి మా మండలి ఎక్కింది. లాంపు తాత ఎప్పటిలాగే గుడ్డ కప్పిన హార్మోనియానికి దండం పెట్టి, కళ్లు మూసుకుని, కుడిచెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని బూర వైపు తల వంచాడు. రెండు నెలలుగా ప్రతి శనివారం చూస్తున్న భంగిమే అది. భక్తి అనుకునేవాణ్ణి.

ఆయన అలాగే ఉన్నాడు. పాట ఎత్తుకోడు. మా బాపు తాళాలు పట్టుకుని అటూ ఇటూ చూసి, మైకు మీద గోటితో కొట్టి, పక్కవాడితో గుసగుసగా, "మైకు సచ్చిందా ఏంది?" అన్నాడు. నా పనితనం పుణ్యమా అని ఆ గుసగుస ఊరంతా విన్నది. జనం గొల్లుమన్నారు. తాత గాభరాపడి ఎత్తుకున్నాడు. మరీ పైన ఎత్తుకున్నాడు. వెనకవాళ్లు అందుకోలేక కిందికి దిగారు. ఆయన వాళ్ల కోసం దిగితే వాళ్లు ఆయన కోసం ఎక్కారు. ఒక్కొక్కడు ఒక్కొక్క గనిలో దిగి కేకేసినట్టుంది. తప్పు ఒక్కటీ దాగలేదు, సూది పడ్డా వినబడేట్టు చేసింది నేనే కదా. పెద్ద దొర చెయ్యి మెల్లగా నుదుటి మీదికి పోయింది.

తాత పాట ఆపేశాడు. "జర ఇంకోపారి, దొరా" అని దండం పెట్టాడు. చెంబెత్తి రెండు గుక్కల నీళ్లు తాగాడు. మళ్లీ చెవికి చెయ్యి అడ్డం పెట్టి బూర వైపు వంగాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఎలుకలు కొరికిన హార్మోనియం ముందు పెట్టుకుని ఇన్ని నెలలుగా వీళ్లు శ్రుతి తప్పకుండా ఎలా పాడారో ఒక్కసారి కూడా నేను అడగలేదు. ఆ గుంయ్‌మనే మోతే వీళ్ల శ్రుతి. కరెంటు మోత, ఎప్పుడూ ఒకే తీరు, పెరగదు తరగదు. నేను రోగమని కోసేసింది ఆ ముసలాయన చేతికర్రను. నా గొప్ప కోసం ఆయన బాసరను నేనే మింగేశాను.

పాత కండెన్సరు వెతికి అతికించే సమయం లేదు. కానీ దుకాణంలో నేర్చుకున్న పాఠం ఒకటి గుర్తొచ్చింది. యాంప్లిఫయరుకు గ్రామఫోను తగిలించే మొన ఒకటి విడిగా ఉంటుంది. దాని మీద వట్టి వేలు పెడితే చాలు, మన ఒంట్లోకి చేరిన కరెంటు మోత బూరలోంచి పలుకుతుంది. అలా వేలు పెట్టవద్దని మా చుట్టం నన్ను ఎన్నోసార్లు తిట్టాడు. నేను బల్ల కిందికి దూరి, ఆ మొన మీద చూపుడు వేలు ఆనించి, రెండో చేత్తో మెల్లగా వాల్యూము తిప్పాను. గుంయ్.

తాత ముఖం చూడాలి మీరు. తప్పిపోయిన మేక ఇంటికి వస్తే గొల్లాయన ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. పాట ఎత్తుకున్నాడు. ఈసారి వణుకు కూడా గమకం లాగా వినిపించింది. వెనకవాళ్లు అందుకున్నారు, బాపు తాళాలు కలిశాయి. నేను మాత్రం బల్ల కింద మోకాళ్ల మీద, వేలు కదిలిస్తే శ్రుతి పోతుందని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే ముక్కు దురద పెట్టింది. ఒక గండుచీమ మడమ మీదినుంచి పైకి ప్రయాణం కట్టింది. ఇంతలో సెక్రటరీ సాబ్ పరుగున వచ్చి వంగి చూశాడు.

"ఏం జేస్తున్నవ్ రా? మల్ల మోత వస్తున్నది, చెయ్యి తియ్యి."

"తీస్తే తాత బాసర పోతది సాబ్" అన్నాను గొణుగుతూ.

ఆయన వేదిక వైపు చూశాడు. పెద్ద దొర వైపు చూశాడు. దొర బూటు కాలు తాళం వేస్తోంది. సెక్రటరీ సాబ్ నా పక్కన గొంతుక్కూర్చుని, నా కాలి మీది చీమను చిటికెన వేలితో తీసి పారేశాడు. పాటలన్నీ అయ్యేదాకా నా మెడ మీది దోమలను కూడా ఆయనే తోలాడు.

గెలిచింది మా వాళ్లే. పెద్ద దొర లేచి, "శ్రుతి బహుత్ అచ్ఛాగ కుదిరింది. గా తంబూర పట్టిన మనిషేడి? కనబడలే" అని అడిగాడు. "జర సిగ్గరి సాబ్, చాటుకు కూసున్నడు" అన్నాడు సెక్రటరీ సాబ్, అబద్ధమాడకుండానే.

తాత దగ్గరికి పోయి తల దించుకున్నాను. "ముందే చెప్పొద్దా తాతా?" అన్నాను. "పెట్టె మూలుగును పట్టుకొని పాడుతున్ననంటే నవ్వుతరు గద బిడ్డా" అన్నాడు ఆయన. "ఇగ నువ్వేమో గంత సంబురంగ గుంతలు తవ్వవడితివి. వద్దనబుద్ధి కాలే." బాపు మాత్రం ఊరుకోలేదు. "కడుపు కోసుడు నేర్పిన్రు గని, కొయ్యాల్నో వద్దో అడుగుడు నేర్పలే గావచ్చు" అన్నాడు, తాళాలు సంచీలో పెట్టుకుంటూ.

వసంత పంచమి నాడు లక్షెట్టిపేట, ఖానాపూర్, నిర్మల్ మీదుగా దుమ్ము తింటూ లారీలో బాసర చేరాం. గోదావరిలో మునిగి, తడి బట్టలతో గుడి మండపంలోకి పోతే అక్కడ మైకు లేదు. తాత నా వైపు చూశాడు, మండలి అంతా నా వైపు చూసింది. చేసేదేముంది? తాత వెనక కూర్చుని, నోరు మూసుకుని, నా రెండు నెలల జ్ఞాపకంలోంచి ఆ మోతను తీసి "మ్..." అని అందుకున్నాను. ఆపితే శ్రుతి పోతుంది కనుక పాట అయ్యేదాకా ముక్కుతోనే ఊపిరి దొంగిలించాను. తాత పాడుతూ ఏడ్చాడు, ఏడుస్తూ పాడాడు, గొంతు ఒక్కచోట కూడా తప్పలేదు. పక్కన మనవడికి అక్షరాభ్యాసం చేయించడానికి వచ్చిన ఒక ముసలమ్మ నన్నే చూసి చూసి, ప్రసాదం నా చేతిలో రెండుసార్లు పెట్టి, "అమ్మ దయ వెడితే నీగ్గూడ మాటలొస్తయి బిడ్డా, రంది వడకు" అంది. నేను "మ్" అన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో కూడా నేను కట్టుకున్న వాల్వు సెట్టు ఉంది, సున్నితమైన పెద్ద స్పీకర్లూ ఉన్నాయి. ఈ మోజున్న కుర్రాళ్లు వచ్చి, స్పీకరుకు చెవి ఆనించి, ఏమీ వినబడక ఆశ్చర్యపోయి, మోత ఎలా మాన్పారని అడుగుతారు. తీగలు మెలిపెట్టండి, ట్రాన్స్‌ఫార్మరు దూరం జరపండి, ఎర్తింగులో గని బొగ్గు పోయకండి అని చెబుతాను. వాళ్లు రాసుకుని వెళ్లిపోతారు. కొన్ని శనివారాల సాయంత్రం వాళ్లు పోయాక, ఒక తీగ ఊడదీసి ఆ మొన మీద వేలు పెడతాను. గుంయ్‌మంటుంది. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరో ఎత్తుకుంటారేమోనని కొంతసేపు అలా కూర్చుంటాను. వంటింట్లోంచి మా ఆవిడ, "మల్ల కరాబయిందా?" అని అడుగుతుంది.

"లేదు, ఇప్పుడే బాగయింది" అంటాను.