చెరువు గట్టుమీద పుట్టగొడుగుల కూర

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. హైస్కూల్లో సైన్సు చెబుతాను. తాయెత్తులు కట్టుకొచ్చిన పిల్లలను ఆటపట్టించి, వాళ్ళ అమ్మలచేత తిట్లు తిన్నవాణ్ణి. అలాంటి నేనే ఇది రాస్తున్నాను.

కొల్లేట్లో అక్రమ చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది, మా బావగారు కలిదిండి దగ్గర తన చేపల చెరువు గట్టుమీద గుండె ఆగి పోయారు. ఆ ఉదయం అక్కతో చిన్న మాట తేడా వచ్చి, ఇంట్లో ఏమీ తినకుండానే వెళ్ళిపోయారు. "కడుపు మాడ్చి పంపాను తమ్ముడూ" అన్న ఒక్క మాటే ఏడాదిపాటు అక్క నోట విన్నాను. చర్చికి రావడం మానేసింది. కంచం ముందు పెడితే తోసేసేది. ఏలూరు డాక్టరుగారి మందులు మింగినా మనిషి ఎండిపోతూనే ఉంది. ఇక బతకదేమోనని నాకు భయం పట్టుకుంది.

మరుసటి వానాకాలం ఒక మధ్యాహ్నం ఆమెను చెరువు దగ్గర కాపలావాళ్ళుండే మకాం పాకకు తీసుకెళ్ళాను. గట్టుమీద తడిసిన గడ్డిలో పుట్టగొడుగులు కనిపించాయి. వరిగడ్డిలో మొలిచేవి చిన్నప్పటినుంచీ మేం తినేవే, అక్కకు ప్రాణం. ఏరి కూర వండాను. అక్కడే పప్పులో కాలేశాను. చేపల మేతకోసం చెరువులో వేయడానికి తెచ్చిన పేడను గట్టుమీద కుప్పపోసి, వానకు కొట్టుకుపోకుండా పైన గడ్డి కప్పుతారు. ఇవి గడ్డిలోవి కావు, కింద పేడలోంచి వచ్చినవి. సైన్సు మాస్టారికి ఆ మాత్రం తట్టలేదు.

నా మొహం చూసి అక్క నాలుగు ముద్దలు తింది. నేనూ తిన్నాను.

కాసేపటికి చెరువు నీళ్ళు ఊపిరి తీస్తున్నట్టు పొంగి దిగసాగాయి. అవతలి వరిచేల పచ్చదనం కళ్ళలో పట్టలేదు. ముందు హడలిపోయాను. తర్వాత భయం పోయి, చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. అంత అందం నేను మళ్ళీ చూడలేదు.

అప్పుడు కనిపించారు బావగారు. గట్టు అంచున కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నారు.

అక్క మెల్లగా అడిగింది. "ఏవండీ, ఏమన్నా తిన్నారా?"

ఆయన జవాబు నాకు స్పష్టంగా వినిపించింది. మత్తు అనుకుని అక్కకు కూడా చెప్పలేదు, ఆమెనూ అడగలేదు. అక్క పొద్దుగూకేదాకా ఏడుస్తూ, నవ్వుతూ కూర్చుంది.

మర్నాడు కూర సంగతీ, బావగారు కనిపించిన సంగతీ చెబితే ఏలూరు డాక్టరుగారు నాకు చీవాట్లు పెట్టారు. విషపువి అయ్యుంటే ఇద్దరి లివర్లూ పోయేవన్నారు. తర్వాత నెమ్మదిగా వివరించారు. అలాంటి కొన్ని పుట్టగొడుగుల్లోని పదార్థం మెదడులో మనసు స్థితిని నడిపే సెరటోనిన్ అనే రసాయనం పనిచేసే చోటే పనిచేస్తుందట. ఒకే దిగులు చుట్టూ తిరిగి తిరిగి ఇరుక్కుపోయిన ఆలోచన, కాసేపు దాన్నుంచి విడిపడుతుందట. దిగులు జబ్బుకు పనికొస్తుందేమోనని విదేశాల్లో డాక్టర్లు దగ్గరుండి పరీక్షిస్తున్నారట. ఇంకా ఏదీ తేలలేదు, మళ్ళీ ఆ జోలికి పోవద్దన్నారు.

ఇంతకీ మీవారు ఏం చెప్పారని అక్కను అడిగారు.

"కలిదిండి సెంటర్లో పెసరట్టు తినే వెళ్ళానే, దానికెందుకు ఏడుస్తావు అన్నారండి."

అక్షరం పొల్లుపోకుండా నేను విన్నదీ అదే.

డాక్టరుగారికి చెప్పాను. ఒకే కూర తిన్నాం కాబట్టి ఇద్దరికీ మనిషి కనిపించాడంటే సరే, ఒకే మాట ఎలా వినిపిస్తుందని అడిగాను. ఆయన తెలీదండీ అన్నారు.

నాకూ ఇప్పటికీ తెలీదు. ఆ రోజు బయటికొచ్చాక, ఏలూరు బస్టాండులో అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆకలేస్తుంది తమ్ముడూ" అంది.