రెండో పేజీ

ఇరవయ్యేళ్లుగా ఒక కాగితాన్ని మోస్తున్నాను. అది నా దగ్గర లేదు, ఏ ఆఫీసు బీరువాలోనో ఉంటుంది. బరువు మాత్రం నాదే. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది అరకులోయ పక్కన ఓ కొండ ఊరు. నేను బడికి పోలేదు. సంతలో బెల్లం చుట్టి ఇచ్చిన పేపరు ముక్కలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఊళ్ళో ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. ఆ గర్వం బాగా తలకెక్కింది.

మా కొండవాగు గెడ్డకు ఆనకట్ట కట్టాక, నీళ్ల ఒడ్డున పార్కు పెడతామని ఆఫీసువాళ్లు వచ్చారు. ఆ ఒడ్డున భూమి సుక్రిది. నా స్నేహితుడి భార్య, అతను అప్పటికే పోయాడు. వాళ్ల దేవుడి రాయి అక్కడే ఉంది. సామలు పండితే ముందు ఆ రాయికి పెట్టి, తర్వాతే ఇంట్లో నోట పెట్టుకోవాలి. కొత్తలంటాం దాన్ని. భూమి ఇచ్చేముందు సుక్రి ఒక్కటే అడిగింది. ఏటా కొత్తలకి తనను రానిస్తారని కాగితంలో ఉందా అని.

మొదటి పేజీ తెలుగు. చదివాను. ఆ మాట లేదు. రెండో పేజీ ఇంగ్లీషు. నాకు ఒక్క అక్షరం రాదు. ఊరంతా నా మొహంలోకే చూస్తోంది. నేనేం చేశాను? వరస వెంట వరస వేలు జరుపుతూ, పెదవులు కదుపుతూ, కింది దాకా వెళ్లాను. ఉంది, వేలిముద్ర వెయ్యి అన్నాను. వేసింది.

అది అబద్ధమేనా? ఉంటుందని నిజంగానే నమ్మానేమో. వచ్చిన ఆఫీసరు తల ఊపినట్టు గుర్తు. ఊపాడా? ఆయన చొక్కా మీది సిరా మరక కూడా ఇప్పటికీ కళ్లకు కడుతోంది గానీ, తల ఊపాడో లేదో మాత్రం ఎంత తవ్వుకున్నా తేలడం లేదు. ఆ తర్వాత ఆ పార్కు మీద ఎన్ని అర్జీలు రాశానో, ఎంతమందిని తిట్టానో! ఆ కోపమంతా ఎవరి మీద?

ఇన్నేళ్లూ పార్కుకి కంచె లేదు, కొత్తలకి వచ్చే సుక్రిని ఆపినవాడూ లేడు. ఈ ఏడు కంచె కట్టి ఒకే గేటు పెట్టారు. ఈ ఉదయం మనవరాలి పిల్లలు బోటెక్కుతామంటే తీసుకెళ్లాను. గేటు దగ్గర సుక్రి, చేతిలో అడ్డాకు పొట్లం.

"బయట తిండి తేకూడదమ్మా. బోర్డుంది, సూడు" అంటున్నాడు గేటు మనిషి.

"తిండి కాదు బాబూ, కొత్తలు. దేవుడికెట్టి వచ్చేత్తాను."

"మీ దేవుడికి మా క్యాంటీన్లో పెట్టిత్తాంలే."

నా ఒళ్లు మండింది. "ఏటి, ఎకసెక్కాలా? ఈ నేల ఎవరిదో ఎరుగుదువా?"

సుక్రి మొహం విప్పారింది. "ఇదుగో, మా అన్న. కాగితం సదివింది ఈయనే. కొత్తలకి నన్ను రానివ్వాలని రాసుంది. సెప్పన్నా."

గేటు మనిషి నవ్వు ఆపేశాడు. "నిజంగా ఉందేటి తాతా?"

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఇరవయ్యేళ్లకి దొరికిన ఒక్క అదను. చెబితే ఆవిడ గేటు బయటే ఉండిపోతుంది. చెప్పకపోతే?

"ఉంది. నా కళ్లతో సదివాను" అన్నాను.

"ఈసారికి బేగి ఎల్లి వచ్చెయ్యమ్మా. వచ్చే ఏడు ఆ కాగితం తేవాల, లేపోతే నా ఉద్యోగం పోద్ది."

పిల్లలు బోటులో కేకలు పెడుతున్నారు. సుక్రి రాయి ముందు సామలు పోసి, దణ్ణం పెట్టి, తిరిగొస్తూ గుప్పెడు నా చేతిలో పెట్టింది. "రేపు సోమారం. ఆఫీసుకి పోయి కాగితం అడుగుదాం. నువ్వే సదివి సూపించన్నా" అంది. తలూపాను. ఆ సామలు తినేశాను కూడా. ఎందుకు తిన్నాను?

రేపు ఆ పేజీలో నిజంగానే ఆ మాట ఉంటే నేనెవర్ని? లేకపోతే ఎవర్ని? రెండూ ఆలోచించాను, ఏదీ తెగలేదు.

ఇదొక్కటే తెలుసు. రెండో పేజీ నేను చదవలేదు. ఈ మాట రాసి, పైకి ఒకసారి చదువుకున్నాను. ఊపిరి కాస్త ఆడింది. సుక్రికి మాత్రం ఇంకా చెప్పలేదు.