కీబోర్డు దీపం ఆరని రోజు

ఆ రోజుల్లో ఉద్యోగమంటే నాకు మెడలో వేలాడే ఐడీ కార్డు, దాన్ని ఎప్పుడు లాగేసుకుంటారోనన్న భయం, అంతే. హైటెక్ సిటీలో ప్రొబేషన్ మీదున్న పిల్లని. లాప్‌టాప్ కీబోర్డు కింద వెలిగే లైటుకి సాఫ్ట్‌వేర్ రాయడం మా టీమ్ పని. గది చీకటైతే లైటు వెలగాలి, వెలుతురుంటే దానంతటదే ఆరిపోవాలి. (ఇంత చదువూ ఇందుకా అని నాన్న అడిగారు.) ఆ ఆర్పే భాగం నాది. దసరా వెళ్ళిన సోమవారం క్లయింట్లకు డెమో. "ఇది పోతే నీ కన్ఫర్మేషన్ నా చేతిల ఉండదు చెల్లె," అని మా లీడ్ ముందే చెప్పేశారు. ఆయన్ని అందరం ఫికరన్న అనేవాళ్ళం. ఏ కొంప మునిగినా "ఫికర్ చెయ్యకు" అనడం ఆయనకు అలవాటు.

సోమవారం పొద్దున్నే, క్లయింట్లు పంపిన ఆ ఒక్క కొత్త మోడల్ లాప్‌టాప్ తెరిచాను. పైన ట్యూబులైట్లు ధగధగలాడుతున్నాయి, కింద కీబోర్డూ ధగధగలాడుతోంది. ఆరదే! రీస్టార్ట్ చేశాను. కిటికీ దగ్గర ఎండలో పెట్టాను. ఊహూఁ. పండక్కి ఇంటికి పట్టుకెళ్ళే ముందు దాకా బుద్ధిగా ఆరిందది! ఫికరన్న నా కోడంతా చదివి, "మంచిగనే ఉంది గదా, గిట్లెందుకు చేస్తుంది?" అన్నారు. తన మామూలు మాట మాత్రం అనలేదు. అప్పుడు పట్టుకున్నాను మెడలోని ఐడీ కార్డుని గట్టిగా. క్లయింట్లు లిఫ్టెక్కారని రిసెప్షన్ నుంచి కబురొచ్చింది.

సరిగ్గా అప్పుడే బాచుపల్లి నుంచి అమ్మ ఫోన్. "ఏమే, టిఫిన్ తిన్నావా?"

"పెట్టేయమ్మా! ఇక్కడ లాప్‌టాప్‌లో లైటు ఆరి చావట్లేదు!"

"ఛ, అవేం మాటలే! దీపం ఆరకపోతే మంచిదే కదా. ఆయుధపూజ నాడు దానికి బొట్టు పెట్టాను, చెరపలేదు కదా? పాపం, కంట్లో పడకుండా కాస్త పైన, నుదుట పెట్టాను."

కన్నంటే కెమెరా. దాని పైన, నుదుట ఉండేది గదిలో వెలుతురెంతో కనిపెట్టే సెన్సర్! కుంకుమ కప్పేసరికి పిచ్చి లాప్‌టాప్ రాత్రయిందనుకుంటోంది. పొద్దుట్నుంచీ బొట్టు మా ఇద్దరి ఎదురుగానే ఉంది. (దసరా వెళ్ళాక మా ఆఫీసులో ప్రింటర్ నుంచి కాఫీ మెషీన్ దాకా అన్నిటికీ బొట్లే. ఎవరి కళ్ళకూ ఆనవు.)

అమ్మ పెట్టిన బొట్టు ఎలా చెరపడమని నేను తటపటాయిస్తుంటే, ఫికరన్న దాన్ని వేలితో తీసి, కళ్ళకద్దుకుని, లాప్‌టాప్ మూత వెనక పెట్టారు. కీబోర్డు లైటు టప్పున ఆరిపోయింది. అటు తలుపు తెరుచుకుంది. "ఇగ ఫికర్ చెయ్యకు," అన్నారు మెల్లగా. నాకు ఏడుపొచ్చింది. డెమో బాగా జరిగింది. వెనక ఆ ఎర్ర చుక్కేమిటని ఒక క్లయింట్ అడిగితే, "ఫైనల్ టెస్టింగ్ అయినట్టు గుర్తు," అన్నారాయన తొణక్కుండా.

"దీని ఉద్యోగం నా బొట్టు వల్లే నిలబడింది," అని అమ్మ ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది. నేను ఇడ్లీ నములుతూ తలూపుతాను. ఇప్పుడు నేనే లీడ్ని. మొన్న కొత్త లాప్‌టాప్ తెచ్చానో లేదో, అమ్మ కుంకుమ భరిణె పట్టుకొచ్చింది. "వెనక పెట్టమ్మా, వెనక!" అని కెవ్వుమన్నాను. ఆ అరుపులో ప్రొబేషన్ పిల్ల గొంతే వినిపించి, నాకే నవ్వొచ్చింది.